తగ్గిన నొప్పి

కుంటుతున్నాడు, అవును, కుడికాలు ఈడుస్తూనే వస్తున్నాడు, పాచిక పారిందన్నమాట, ఆసుపత్రి వరండా చివరనుంచి తోడల్లుడు పెళ్ళాం భుజం పట్టుకుని వస్తుంటే బెంచీ మీద కాళ్ళు చాపుకుని చూస్తున్నాడు ఆయన, తన మోకాలు మాత్రం దూదిపింజలా ఉంది, రెండు నొప్పి మందుల్లో ఏది మేలో తేల్చాలని మోకాళ్ళ నొప్పులవాళ్ళను పోగేశారు ఇక్కడ, ఎవరికి ఏది పడుతోందో ఇచ్చే నర్సుకే తెలీదట, మాత్రలన్నీ ఒకే రంగు, ఒకే సైజు, నర్సుకు తెలీకపోతేనేం, తనకు తెలీదా, మొదటి నెలకే వాడు మెట్లు చకచకా ఎక్కేసి, నీకెలా ఉందన్నయ్యా, నాకైతే పెళ్ళికొడుకు కాళ్ళొచ్చాయి అని ఇకిలించాడు, మంచి మందు వాడికి పడక ఇంకెవరికి పడుతుంది, ఉద్యోగం వాడిదే బాగుంది, నెత్తిన జుట్టూ వాడికే ఉంది, అక్కచెల్లెళ్ళలో బతికున్నదీ వాడి పెళ్ళామే, పోయినావిడ ఉన్నన్నాళ్ళూ మా చెల్లెలి మొగుణ్ణి చూసి నేర్చుకోండి అని సాధించేది, ఏం నేర్చుకోవాలి, పెళ్ళాం పోకుండా బతకడమా.

అందుకే పోయినసారి వాడు లోపల మోకాలు వంచి చూపిస్తుంటే, మరదలు మంచినీళ్ళకు లేస్తే, సంచిలోంచి వాడి సీసా తీసి వాడి మాత్రలు తన సీసాలోకి, తనవి వాడి సీసాలోకి వంపేశాడు, ఆ వారమే నొప్పి సగానికి దిగింది, ఈ పొద్దున మెట్లు పట్టుకోకుండా ఎక్కాడు, ఇప్పుడు వాడు కుంటుతున్నాడు, కళ్ళు చల్లబడ్డాయి.

డాక్టరమ్మ బయటికొచ్చింది, మందుల పరీక్ష ముగిసింది, ఇక చెప్పొచ్చు, భలే జతండీ మీరిద్దరూ, మొదట్నుంచీ మీ ఇద్దరికీ ఒకటే మందు పడింది అని నవ్వింది, ఒకటేనా, ఒకటే అయితే వాడెందుకు కుంటుతున్నాడు, నోరు జారి అడిగేశాడు కాబోలు, మరదలు అందుకుంది, నిన్న బాత్రూములో జారారు బావా, మందుదేం తప్పు లేదు, మీకు తగ్గిందిగా, అదే పదివేలు, అక్క చూసుంటే ఎంత సంబరపడేదో, నాలుగు రోజుల్లో నేనూ లేచి పరిగెడతాను చూడన్నయ్యా అంటున్నాడు వాడు, ఒకటే మందు, వాడి సీసాలోది కాబట్టి పనిచేసింది, అంతే, మోకాలి మీద చెయ్యేసి చూసుకున్నాడు, నొప్పి లేదు, ఇంకా రాలేదు, వస్తుంది, వాడి కాలు బాగవగానే వస్తుంది.