గౌరయ్య క్యారంబోర్డుల దావా

దూలపల్లి షెడ్డులో క్యారంబోర్డులు చేసే కుర్మయ్య మీద మేడ్చల్‌లో ఆటసామాన్ల దుకాణం నడిపే గౌరయ్య దావా వేశాడంటే, పంతానికి వేయలేదు. శామీర్‌పేటలో ఒక స్కూలుకు అతను అమ్మిన బోర్డులన్నీ వానలు ముదిరేసరికి నడుమ గుంట పడ్డాయి. ఎటు కొట్టినా బిళ్లలు ఆ గుంటలోకే జారుతున్నాయి. స్కూలువాళ్లు సొమ్ము వాపసు ఇమ్మన్నారు. అది కుర్మయ్య దగ్గర రాబట్టకపోతే దుకాణం అమ్ముకోవడమే.

"పచ్చి కట్టె వాడిండు మేడం," అన్నాడు గౌరయ్య, తన లాయరు శోభారాణితో.

"బిల్లుందా?"

"ఏండ్ల సంది నోటిమాట మీదనే నడుస్తాంది. పైసలు గూడ చేతుల్నే. బిల్లు రాస్తే టాక్సు పడతదని ఇద్దరం వద్దనుకున్నం."

"మంచిగనే అనుకున్నరు," అందామె.

కోర్టులో కుర్మయ్య లాయరు ఒక బోర్డును తిరగేసి చూపించాడు. వెనక ఎర్రటి అచ్చు: గౌరయ్య స్పోర్ట్స్, మేడ్చల్. దూలపల్లి ఊసే లేదు. ఆ అచ్చు వేయించింది గౌరయ్యే. చేసేవాడి పేరు కనబడితే గిరాకీ నేరుగా షెడ్డుకే పోతుందని, అచ్చు ఖర్చు కూడా తానే పెట్టుకున్నాడు. తన వ్యాపారంలో అంతకన్నా తెలివైన పని లేదని ఇన్నాళ్లూ మురిసిపోయాడు.

కుర్మయ్య బోనెక్కి, "ఇవి నేను జేసినయి కావు సార్," అన్నాడు. దావా కొట్టేశారు.

మెట్ల దగ్గర గౌరయ్య అతన్ని పట్టుకున్నాడు. "గంత అబద్ధం నోట్లెకెల్లి ఎట్లొచ్చిందిరా?"

"నిజం చెప్తే నా షెడ్డు పోతుండె. నువ్వయితే ఏం జేస్తుంటివి గౌరన్నా?"

గౌరయ్య మనసులో లెక్క వేసుకున్నాడు. తానైనా కుర్మయ్య చేసిందే చేసేవాడని తేలింది. పట్టు వదిలి తన లాయరు దగ్గరికి నడిచాడు.

"పైకోర్టుకు పోదామా మేడం?"

"ఆడ గూడ బిల్లే అడుగుతరు," అంది శోభారాణి. "ఇగ స్కూలోళ్లు మీ మీద కేసేస్తే, చేసినోడు వేరే ఉన్నడని చెప్పనీకి మీ దగ్గర కాయితం ముక్క లేదు. కేసు ఖర్చు గూడ మీ మీదనే పడతది. ముందే పోయి మాట్లాడుకోండ్రి."

గౌరయ్య అటునుంచి అటే శామీర్‌పేట పోయాడు. స్కూలు మేనేజరు బాలేష్ కుర్చీ చూపించలేదు.

"ఎవలు జేసిన్రయ్యా గీ బోర్డులు?"

"నేనే జేసిన సార్," అన్నాడు గౌరయ్య. "దుకాణం అమ్మకానికి పెడుతున్న. గిరాకీ దొరికేదాంక కేసెయ్యకున్రి."