చేతుల మాట కడలి దాటిన విధము

కార్తికమాసమున అపరాహ్ణవేళ. వర్షర్తువంతయు బురదవన్నె దాల్చి యుప్పొంగిన ప్రాక్సముద్రము అప్పటికి శాంతించి కడిగిన యింద్రనీలఫలకమువలె దిగంతమువఱకు మెఱయుచుండెను. గుంజలపై నారవేసిన వలల నీడలు సైకతస్థలిపై సన్నని జాలకచిత్రములు గీయుచుండ ఎండుచేపల వెండిమిసిమి నడుమ కాకులు నిర్భయముగ విహరించుచుండ వేటముగించి యొడ్డుచేరిన పడవలనుండి దిగు జాలరులయు వారి కెదురేగు స్త్రీలయు బేరమాడు వర్తకులయు కోలాహలముచే శ్రీకాకుళమండలమునందలి గుల్లలపేట యను పల్లె మాఱుమ్రోగుచుండెను. ఆ కోలాహలములో లేశమైనను చెవిసోకని సీతాలు తన యింటి పంచలో కుట్టుమిషను ముందు గూర్చుండి రవికెచేతికి అంచు కుట్టుచుండెను.

నాల్గేండ్ల ప్రాయమున సోకిన విషజ్వరమొకటి ఆమె శ్రవణశక్తిని హరించి దానితోడనే వాక్కును గొనిపోయెను. బడిచదువు ఆరంభమందే నిలిచిపోవుటచే తన పేరు వ్రాయుటకు మించి లిపి యామెకు లొంగలేదు. అయినను కొలత తీసికొనకయే మనిషిని జూచి రవికె కత్తిరింపగల నేర్పు ఆమెకు గలదు. ఊరివారు మూగది యని వ్యవహరించిరి గాని తన్ను గూర్చి సీతాలు ఎన్నడును అట్లు తలచినది కాదు. ఏలయన ఆమె భర్తయైన దానయ్యతో ఆమె మాటాడని దినము లేదు. నడిసంద్రమున మోటారుహోరు నడుమ ఒక పడవవాడు మఱొక పడవవానికి చేసైగలతోనే వల యెత్తుమనియు దారి మఱలుమనియు తెలుపుట జాలరులకు పరిపాటి. ఆ సైగలలో పుట్టిపెరిగిన దానయ్య పెండ్లియైన నాటినుండి భార్య సైగలను వానితో జోడింప వారిర్వురికి మాత్రమే సొంతమైన హస్తభాష యొకటి యేర్పడెను. అందు ఎకసెక్కెములు గలవు. అలుకలు గలవు. చీకటిలో అఱచేతిపై వ్రేలితో గీయు రహస్యములు సైతము గలవు.

అట్టి దానయ్య జ్యేష్ఠమాసమున మాల్దీవులలోని యొక విహారద్వీపమునకు యాత్రికుల పడవ నడపు కొలువునకై పోయెను. అటుపిమ్మట అతని కబురు తల్లియైన పోలమ్మ చేతనున్న చిన్నఫోనులో కంఠధ్వనిగా మాత్రమే వచ్చుచుండెను. పోలమ్మ చెడ్డది కాదు. కొడుకు గొంతు వినినంతనే కన్నీరు గార్చును. గంటసేపు మాటాడును. ఆపై కోడలివైపు తిరిగి కడుపు నిమురుకొని చేయి గాలిలో నూపి తిన్నాడు బాగున్నాడు అని సైగచేయును. అంతియే. భర్తయొక్క గంటసేపటి సంభాషణ తనకు రెండు సైగలుగా కుదించుకొనిపోవుట జూచి సీతాలు లోలోన ఉడుకుచుండెడిది. తన భర్త అంత కొంచెము మాటాడువాడు కాడని ఆమె యెఱుగును.

ఆనాడు మాత్రము ఫోను పెట్టివేసిన పిమ్మట పోలమ్మ సైగ మఱొక తీరున నుండెను. అయిదేండ్ల మనుమరాలగు మంగను జూపెను. విశాఖపట్టణమున నున్న తన కూతురి యింటి దిక్కు జూపెను. ఆదివారమున వచ్చి తీసికొనిపోవుదురని వ్రేళ్లతో తెలిపి చిట్టచివర ఫోనును తాకి ఇది నీ మగని మాట యని ముగించెను. సీతాలు మిషను చక్రము నాపివేసెను. బిడ్డను వేఱొక యింట పెంచుటకు దానయ్య యొప్పెనా? ఒప్పినయెడల ఆ మాట అతడు తన చేతులతోనే చెప్పవలయును గాని అన్యుల చేతులతో గాదని ఆ క్షణముననే యామె నిశ్చయించుకొనెను. ఏడ్వలేదు. అత్తతో కలహింపలేదు. మఱునాటి యుదయమున బస్సెక్కి సంతపేటకు బోయి కుట్టుకూలి డబ్బుతో వాడిన ఫోనొకటి పెద్ద తెఱ గలదానిని ఏరి తెచ్చుకొనెను.

పొరుగింటి రాజులమ్మ మగడు బహ్రెయినులో నుండుటచే ఆమెకు వీడియోకాలు సంగతి తెలియును. ఆమెయే దానయ్య నంబరు కలిపి ఫోను సీతాలు చేతికందించెను. తెఱపై మగని ముఖము ప్రత్యక్షమైన నిమేషమున సీతాలు గుండె యెగసిపడెను. కాని ఆ సంతోషము నిలువలేదు. దానయ్య ఒకచేత ఫోను పట్టుకొని మఱొకచేత మాటాడుచుండెను. తానును అట్లే ఒక్కచేతితో మంగను గూర్చి యడుగవలసివచ్చెను. వారి భాషలో కుడిచేయి ముందునకు చాచిన పంపుమని యర్థము. అదే చేయి చాచి యెడమ యఱచేతిపై వాల్చిన నీయొద్దనే యుంచుకొనుమని యర్థము. ఎడమచేయి ఫోనునకు కట్టువడియుండగా దానయ్య కుడిచేయి చాచెను. అంతలో చిత్రము ముక్కలుముక్కలై చెదరి వ్రేళ్లు గోధుమవన్నె మఱకలై నిలిచిపోయెను. ఆనాటి డేటా సైతము అంతటితో నిండుకొనెను. పంపుమనెనా? ఉంచుకొనుమనెనా? సీతాలునకు తెలియలేదు.

ఇతరులకైనచో చిత్రము చెదరినను గొంతు వినవచ్చును గావున పని జరిగిపోవును. తమకు చిత్రమే గొంతు. దానిని నిలుపవలయును. అంతవఱకు ఆలోచన స్పష్టము కాగానే సీతాలునకు కావలసినదేదో బోధపడెను. ఐసుఫ్యాక్టరీవఱకు వచ్చియున్న ఇంటర్నెట్టులైను తమ వీథికి రావలెను. ఒక్కయింటికి అది భారము. విదేశములందు మగవారు గల యిండ్లు ఆ వీథిలో మఱి మూడు గలవు. ఆమె యింటింటికి బోయి చెదరినప్పుడు రాజులమ్మ తెఱనుండి పట్టియుంచిన దానయ్య చిత్రమును ఫోనులో జూపి ఆ యింటి పురుషుని మీసమునో బట్టతలనో నడకనో అనుకరించి వారిని కడుపుబ్బ నవ్వించి నలుగురము గలిసి పెట్టించుకొందమని సైగచేసెను. రాజులమ్మ తోడుండి దానిని మాటలలో బెట్టెను. సాయంకాలము కాకమునుపే నాల్గిండ్లవారును సరే యనిరి.

లైను వేయుటకు వచ్చిన కామేశు తీగచుట్ట దింపి సీతాలును జూచి రాజులమ్మతో ననెను. "లైను ఇమ్మంటే ఇస్తాను గానండీ, నెట్టు పెట్టె ఈవిడింట్లో ఎందుకు? నోరు లేని మనిషి ఫోనులో ఏటి మాటాడతాది?"

"నువ్వూ మీయావిడా నోరుండి రోజుకెన్ని ముక్కలు మాటాడుకుంటన్నారు బాబూ?" అని రాజులమ్మ యడిగెను. కామేశు నిచ్చెన గోడకు జేర్చెను. వారి పెదవుల కదలికలు కొంతయు ముఖముల వన్నెలు కొంతయు జూచి సంగతి గ్రహించిన సీతాలు నవ్వుకొని పెట్టె బిగింపవలసిన తావును వ్రేలితో జూపెను. నాల్గిండ్లకు మధ్యమైన తన పంచగోడయే ఆ తావు.

అంతటితో నామె విశ్రమింపలేదు. మిషను సూదికి పైనుండు ఇనుపకమ్మికి ఫోనును అంచుపట్టీతో నిలువుగా బిగించి రెండుచేతులు విడిపించుకొనెను. వెనుకగోడకు మిగులుగుడ్డల నల్లనిముక్కలు జోడించి తెరగా వ్రేలాడదీసెను. వెలుగు ముఖముపై బడునట్లు మిషనును వాకిలివైపునకు త్రిప్పెను. గాజులు మణికట్టు కదలికను మఱుగుపఱచుచున్నవని తీసి ప్రక్కనుంచెను. పిమ్మట రాజులమ్మను బ్రతిమాలి దానయ్యకు గొంతుతో కబురంపించెను.

"ఫోను చేత్తో పట్టుకోకు తమ్ముడూ, దేనికైనా ఆనించి నిలబెట్టు. రెండు చేతులూ కనబడాలంట మీయావిడికి. ఎనకాల తెల్లగోడ ఉంటే మరీ మంచిదంట."

శుక్రవారము దానయ్యకు సెలవు. ఆనాటి మధ్యాహ్నమున పోలమ్మ మంగను ఒడిలో నుంచుకొని అరుగుపై గూర్చుండియుండగా సీతాలు ఫోను కలిపెను. తెఱ వెలిగెను. తెల్లనిగోడ ముందు దానయ్య నిలువెత్తున నిలిచియుండెను. ఈమాఱు చిత్రము చెదరలేదు. అతని వ్రేళ్లపై తాడు కోసిన గాయములు సైతము కనబడుచుండెను. ఇర్వురును ఒకరి చేతుల నొకరు చూచుకొనిరి. ఆపై అయిదుమాసముల మాటలు కట్టతెగిన కాలువవలె ప్రవహించెను. ఆ హస్తభాషను లిపిలో నిలుపుట కష్టము. దాని తాత్పర్యమిది.

"మంగని పంపీమన్నావా?"

"నానెందుకంటాను? నువ్వే పంపుతానన్నావని అమ్మ సెప్పింది. నీ మనసుకి అడ్డెందుకని ఊరుకున్నాను. అయినా మొన్న ఉంచుకోమని సెప్పినాను కదా."

"నీ ఎడంచెయ్యి నాకు కనబళ్ళేదు."

దానయ్య కుడిచేయి చాచి యెడమ యఱచేతిపై మెల్లగా వాల్చెను. మఱల వాల్చెను. మూడవమాఱు వాల్చునప్పటికి సీతాలు కన్నులు నిండెను గాని ముఖము వెలిగెను. ఆమె పోలమ్మవైపు తిరిగెను. దానయ్యయు ఫోనులోనుండి గట్టిగా పిలిచెను.

"అమ్మా! ఏటే ఇది? దానికొకటీ నాకొకటీ సెప్పినావా?"

పోలమ్మ తల వాల్చుకొనెను. చీరచెఱగు నోటికడ్డము పెట్టుకొని ఒప్పుకొనెను. "అబద్దమే ఆడినాన్రా. బయమేసింది. ఇంట్లో రోజంతా సప్పుడుండదు. పిల్ల సేతులే ఆడిస్తంది గానీ నోరిప్పడం తగ్గించేసింది. రేపు నాను పోతే ఇది మాట మరిసిపోదా? దాన్నీ మూగదంటే నాను సూడలేన్రా."

ఆ పలుకులు సీతాలునకు వినబడలేదు. కాని వృద్ధురాలి ముఖమున వ్యాపించిన వెఱపు నామె చూచెను. కోపము వచ్చెను. నిజమే. తన బిడ్డను తనకు చెప్పక తరలింపజూచిన దానిపై కోపము రాకున్న ఆమె తల్లియే కాదు. అయినను ఆ వెఱపు దొంగవెఱపు కాదని యామె కెఱుకయే. అత్త యేమనెనో దానయ్య చేతులతో తెలుపగా శ్రద్ధగా చూచి భర్తతో స్థిరముగా ననెను. "అమ్మ అన్నది సగం నిజమే. ఇంట్లో మాట ఇనబడాల. అది నా వల్ల కాదు. అమ్మ వల్లవుద్ది. పిల్ల నా దగ్గరే ఉంటాది. బడికెళ్తాది. సాయంత్రం అమ్మ దానికి కబుర్లు సెప్పాల. నువ్వు రోజూ గొంతుతో దాన్ని పిలవాల. ఫోను ఇక్కడే నిలబడుంటాది."

దానయ్య ఆ మాటలను తల్లికి గొంతుతో చెప్పెను. అనంతరము "మంగా!" యని పిలిచెను. మంగ అవ్వ యొడినుండి దూకి తెఱముందుకు వచ్చి "నాయినా, పడవేదీ? నువ్వు తోలే పడవ సూపించు!" యని కేక వేయుచు అదే ప్రశ్నను తల్లికై చేతులతోను అడిగెను. నోటిమాటకును చేతిమాటకును నడుమ ఆ పిల్లకు తొట్రుపాటు లేదు. పోలమ్మ నోరు తెఱచి చూచుచుండిపోయెను.

ఆ సాయంకాలమే పోలమ్మ కూతురికి ఫోనుచేసి "రాకండి, పిల్ల ఇక్కడే ఉంటాది" అని క్లుప్తముగ జెప్పెను. పిమ్మట ఆ పంచలో వంతులవారీగ ఇరుగుపొరుగుల ఫోనులు వెలుగజొచ్చెను. రాజులమ్మ మగడు తెఱపై నవ్వుచుండెను. చివరియింటి యవ్వ మనుమని ముఖమును వ్రేలితో తడవి చూచుచుండెను. ఆ సందడి సద్దుమణగిన తరువాత పోలమ్మ మంగను దరికి బిలిచి చెవిలో నడిగెను. "కోపమా అని మీయమ్మని ఎలగడుగుతారే?"

మంగ చేసి చూపెను. పోలమ్మ వలలల్లి మొద్దువాఱిన తన వ్రేళ్లను గుండెకడ ముడిచి కోడలి యెదుట నిలిచి ఆ సైగ చేసెను. తప్పుగా జేసెను. అది కోపమా యను ప్రశ్న కాక ఆకలియా యను ప్రశ్న యయ్యెను. సీతాలు అత్త ముఖమును చాలసేపు చూచెను. పిదప దగ్గఱకు జరిగి ఆ మొద్దువ్రేళ్లను తన చేతులలోనికి దీసికొని బొటనవ్రేలిని లోనికి మడచి చూపుడువ్రేలిని సరిచేసి సైగను తీర్చిదిద్దెను. పోలమ్మ మరల అడిగెను. ఈమాఱు తప్పులేదు.

సీతాలు బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నువ్వుగింజయంత సందు చూపి కొంచెమనెను. ఆ సందులోనుండి అత్తయు కోడలును ఒకరినొకరు చూచుకొని ఒక్కసారి ఫక్కున నవ్విరి.