సున్నపు ఊళ్ళో నీళ్ళ సీసా

సుభాషిణి ఫ్రిజ్‌లోంచి సీసా లాగి, విసురుగా బల్ల మీద పెట్టింది. మళ్ళీ గడ్డే. పిడుగురాళ్ళ జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పడానికి చేరిన నాటి నుంచీ ఆమె పట్టుదల ఒక్కటే. సున్నా డిగ్రీలు దిగిపోయినా గడ్డకట్టని నీళ్ళను ఒక్కసారైనా చూపించాలి. ధ్రువాల మీది మబ్బుల్లో అలాంటి నీళ్ళే ఉంటాయి. ఆసరాకి ఏ దుమ్ము రేణువో దొరికితేగానీ మంచు పుట్టదు.

"వాతావరణం లెక్కగట్టే కంప్యూటర్లు కూడా ఈ ఫ్రిజ్ లాంటివే బాబాయ్," అంది అటెండరు అబ్దుల్ హమీద్‌తో. "ధ్రువాల కాడ కూడా మన సున్నపు బట్టీల ఊరంత దుమ్ముందనుకుని మబ్బుల్ని ముందే గడ్డ కట్టిస్తయ్. ఎండని ఎక్కువగా వెనక్కి కొట్టేది నీళ్ళ మబ్బేనాయె. లెక్కంతా తప్పుద్ది."

"ఇయ్యాలన్నా చూసి పోవాలమ్మా," అన్నాడు హమీద్. అతనికి ఆ రోజే రిటైర్మెంటు.

బక్కపల్చటి మనిషి, శుభ్రమంటే ప్రాణం. భుజం మీది తువ్వాలు కొస సీసా లోపలికంటా దూర్చి, గిరగిరా తిప్పి తుడిచిగానీ చేతికివ్వడు. ఆ పూట కూడా తువ్వాలు తీశాడు. ఆమెకు ఒళ్ళు మండింది.

"ఇటియ్యి, నేనే నింపుతా. నీ తుడుపుళ్ళకే పొద్దు గూకుద్ది. ఇక దాన్ని ముట్టుకోమాక."

హమీద్ నొచ్చుకుని, తువ్వాలు మేకుకి తగిలించాడు. ఆమె డిస్టిల్డ్ వాటర్‌తో సీసా కడిగి, నింపి, ఫ్రిజ్‌లో పెట్టింది. క్లాసులో గోల, మధ్యలో కరెంటు కోత, ప్రిన్సిపాల్ గదిలో తెమలని ఉపన్యాసం. హమీద్‌కి శాలువా కప్పారు. సాయంత్రం అతను సంచితో ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒకసారి తీద్దామా అమ్మా?"

"ఏముంటది బాబాయ్, రోజూ ఉండే గడ్డేగా. వినుకొండ బస్సు పోద్ది, బయల్దేరు."

అతను ఫ్రిజ్ వంక కాసేపు చూశాడు. "సరేనమ్మా," అని వెళ్ళిపోయాడు.

ఫ్రిజ్ ఆపబోతూ తలుపు తీసింది. సీసాలో నీళ్ళు కదిలాయి. గడ్డ కాదు! సీసా బయటికి తీసి, బల్లకేసి తట్టింది. అంత చల్లబడ్డ నీళ్ళకి ఆ కుదుపు చాలు. పైనుంచి తెల్లటి పోగులు దిగుతూ, చూస్తుండగానే సీసా అంతా మంచు పరుచుకుంది.

"బాబాయ్!"

సీసా పట్టుకుని వరండాలోకి పరిగెత్తింది. బస్సు వెళ్ళిపోయింది. గేటు దగ్గర దుమ్ము ఇంకా లేస్తూనే ఉంది. తన మీద తనకే అసహ్యం వేసింది. ఒక్క నిమిషం తలుపు తీసి ఉంటే ఏం పోయేది?

ల్యాబులోకి తిరిగొచ్చింది. శాలువా కప్పుకుని వెళ్ళిన మనిషి మరిచిపోయిన తువ్వాలు మేకుకే వేలాడుతోంది. రోజూ సీసాలో తిరిగిన కొసని ముట్టుకుంటే వేళ్ళకి సున్నం అంటింది.