గాలి మీట

ఇరవై ఆరేళ్ళు మా బ్యాండులో పాడే నోలా పక్కన కూర్చుని కాన్సర్టీనా అనే చిన్న తిత్తిపెట్టె వాయించాను. ఒక్కసారైనా "బాగుంది మెర్వ్" అంటుందేమోనని ఎదురుచూశాను. అంటేనా! బ్యాండు విడిపోయి పందొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు టామ్‌సిన్ అనే అమ్మాయి వచ్చి మా పునఃకలయిక మీద డాక్యుమెంటరీ తీస్తానంటే, ఆ ఒక్క మాట కోసమే సిగ్గు విడిచి ఒప్పుకున్నాను.

ఆస్ట్రేలియాలో మా ముడ్జీ ఊళ్ళో గొర్రెల సంత పక్కనున్న హాల్లో మమ్మల్ని నిలబెట్టి, "సహజంగా ఉండండి" అంది టామ్‌సిన్. ఇప్పుడే కలిసినట్టు మూడుసార్లు కౌగిలించుకోమంది. మూడోసారికి క్లారీ నిజంగానే ఏడ్చేశాడు. మా బ్యాండులో ఖాళీ టీ చెక్కపెట్టెకు తాడు బిగించి మోగించేది వాడే.

"ఏమైందిరా?" అన్నాను.

"నడుం పట్టేసిందిరా సన్నాసీ, వదులు!"

తర్వాత నోలా ఉన్ని కత్తిరించేవాళ్ళ పాట ఎత్తుకుంది. వయసుతో ఆమె గొంతు కిందికి దిగిపోయింది. నా తిత్తిపెట్టెలో ఉన్నవి రెండే శ్రుతులు, ఆమె పాడేది ఆ రెండిట్లోనూ లేదు.

"కాస్త పైకి ఎత్తుకోకూడదూ?" అని బతిమాలాను.

"డెబ్బై మూడేళ్ళ దాన్ని. ఇంకా పైకెత్తితే పైకే పోతాను. నువ్వే దిగు."

"ఈ పెట్టె దిగదు నోలా."

"నువ్వెప్పుడు దిగావు గనక!"

"నాకైతే ఏ శ్రుతైనా ఒకటే," అన్నాడు క్లారీ, లామింగ్టన్ కేకు నములుతూ. వాడికి మొదటినుంచీ అంతే.

"కెమెరా నడుస్తోందండీ, మొదలుపెట్టండి," అంది టామ్‌సిన్.

ఏం చెయ్యను? కుడి బొటనవేలి కింది గాలి మీట నొక్కిపట్టాను. అది నొక్కితే తిత్తి సాగుతుంది, ముడుచుకుంటుంది, చిన్న నిట్టూర్పు తప్ప చప్పుడు రాదు. మిగతా వేళ్ళు ఊరికే ఆడించాను. కళ్ళు మూసుకుని తల కూడా ఊపాను, నా మొహం మండ!

పాట అయిపోయింది. టామ్‌సిన్ ముక్కు చీదుకుంటోంది. నోలా నా చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

"చాలా బాగుంది మెర్వ్. ఇన్నాళ్ళకి నేర్చుకున్నావయ్యా. మొదటిసారి నా గొంతు నాకు వినబడింది."

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను.

"ఇకమీదట అచ్చం ఇలాగే వాయించు," అంది నోలా. "ప్రతి శనివారం వస్తాను."

సరే అన్నాను. ఏమనను మరి?