సీసాలో పేరు

పదమూడో వరుస దగ్గరికి వచ్చేసరికి బ్రష్షు వెంట్రుకలు గట్టిపడిపోయాయి. ఖోయ్ దాన్ని కిరోసిన్ డబ్బాలో నానబెట్టి, చొక్కా అంచుకు తుడిచి, మళ్ళీ ఎర్రరంగులో ముంచాడు. ఒక్కో రాయి మీద ఒక నక్షత్రం, దాని కింద పేరు, పేరు కింద ఊరు. ఏటా జులై ఇరవై ఏడున, అమరుల దినానికి, జనం వచ్చేలోగా అన్నిటికీ కొత్తరంగు పడాలి. ఇంకా మూడు రోజులే ఉంది. లావోస్ కొండల మీంచి దిగే వేడిగాలికి రంగు రాయి మీద పడగానే ఎండిపోతోంది.

పొట్టిమనిషి. యాభై రెండేళ్ళకే వీపు వంగింది. కుడిచెవి పైభాగం లేదు, ఆ వైపు మాట వినపడదు. ఐదో బెటాలియన్‌లో నాలుగువందల మంది నది దాటితే, తిరిగి నడిచొచ్చిన ముప్ఫై ఏడుగురిలో ఇతనొకడు. యుద్ధం ఆగాక మిగిలినవాళ్ళు ఊళ్ళకు పోయి పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ఖోయ్ మాత్రం ఈ సమాధుల తోటలో కాపలా పని అడిగి మరీ పుచ్చుకున్నాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, రంగులేయడం వచ్చు గనక అంటాడు.

గేటు దగ్గర అగరొత్తులమ్మే కామ్ పిన్ని చేతిగుడ్డతో మొహం తుడుచుకుంటూ వరుసల మధ్యకు వచ్చింది.

"ఏరా, రాళ్ళకి ఏటా కొత్తరంగులు. నీ చొక్కాకెప్పుడురా?"

"నన్ను చూడ్డానికి ఎవరొస్తారు పిన్నీ."

"నేను రోజూ చూడట్లా? నా కళ్ళేం పాపం చేశాయి?" అని నవ్వి, అంతలోనే గొంతు తగ్గించింది. "నీకోసం ఒకావిడొచ్చింది. ఉత్తరాది మనిషి. ఎముకల పెట్టె, ఎర్రగుడ్డ అన్నీ తెచ్చుకుంది. థియెప్ చెల్లెలట."

బ్రష్షు కొసన చుక్క ఉబ్బి, జారి, మట్టిలో పడింది. ఖోయ్ డబ్బాకు మూతపెట్టాడు. కాపలా గది వైపు నడిచాడు.

ఆమె పేరు మియెన్. నలభై ఏళ్ళుండవు. రైల్లో కూర్చుని వచ్చిన బట్టల్లోనే, కాపలా గది అరుగు మీద మోకాళ్ళు దగ్గరపెట్టుకుని కూర్చుంది. సమాధి తవ్వి తీసుకుపోవచ్చని జిల్లా ఆఫీసు ఇచ్చిన కాగితం ప్లాస్టిక్ సంచిలో భద్రంగా ఉంది. ఖోయ్ తేయాకు నీళ్ళు పోసి ఇచ్చాడు. ఆమె గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు.

"మీరు మా అన్నయ్యతో పాటే ఉన్నారటగా అన్నా?"

"ఒకే దళం. నాకు శవాల్ని పూడ్చే పని. మీ అన్నయ్యదీ, లూక్ అని ఇంకొకడిదీ మెషిన్‌గన్. తుపాకీ మీ అన్నయ్య మోసేవాడు, తూటాలు లూక్. ఇద్దరూ ఒకే కొలత మనుషులు, ఒకరి చొక్కా ఒకరు తొడుక్కునేవాళ్ళు."

"పాడేవాడా అక్కడ కూడా?"

"పాడేవాడు చెల్లెమ్మా. కప్పలు కూడా నోరు మూసుకునేవి. శత్రువుకి మన జాడ చెప్పడానికి వీడొక్కడు చాలని కమాండర్ తిట్టేవాడు."

మియెన్ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఇంట్లోనూ అంతే. అమ్మ గరిటె విసిరేది." తర్వాత గ్లాసు కింద పెట్టింది. "అమ్మకి డెబ్బై ఎనిమిది. మంచం దిగదు. వాడొచ్చేదాకా పోనంటుంది. నేను బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకుని ఒకటే చెప్పింది. ఎడమ మోకాలి కింద ఎముక తడిమి చూడవే అని. పదేళ్ళప్పుడు పోకచెట్టు మీంచి పడ్డాడు. ఎముక అతుక్కుంది గాని అక్కడ చెరుకు కణుపులా లావుగా ఉండిపోయింది. పైకి కనపడదు, వేలికి తగులుతుంది."

ఖోయ్ వినపడే చెవి ఆమె వైపే ఉంది. అయినా రెండోసారి అడిగాడు. "ఏ కాలు?"

"ఎడమది."

ఇరవై నాలుగేళ్ళ కిందట ఈ ఒక్కమాట తెలిసుంటే!

బెటాలియన్‌లో ప్రతివాడి జేబులోనూ ఒక ఖాళీ పెన్సిలిన్ సీసా ఉండేది. అందులో చిన్న కాగితం, కాగితం మీద సొంత దస్తూరీతో పేరు, ఊరు. మనిషి పోతే సీసాను ఒంటితో పాటు పూడ్చాలి. మట్టి ఒళ్ళంతా తినేసినా గాజును తినదు గదా. ఆ మధ్యాహ్నం వానలో మెషిన్‌గన్ గుంట మీద గుండు పడింది. థియెప్, లూక్ ఇద్దరూ పోయారు. మొహాలు చూసి చెప్పే వీల్లేదు. సీసాల మూతలు వదులయ్యాయని, కాగితాలు తడుస్తాయని, ఖోయ్ రెండింటినీ జేబుల్లోంచి తీసి, మైనం కరిగించి మూతలు బిగించాడు. కుడిచేతిది కుడివైపు మనిషిది, ఎడమచేతిది ఎడమవైపు మనిషిది అని నోటితో అనుకుంటూనే ఉన్నాడు. అప్పుడే రెండో గుండు పడింది. తెలివి వచ్చేసరికి చెవి లేదు, సీసాలు రెండూ బురదలో పక్కపక్కన పడున్నాయి. ఏది ఏ మనిషిదో తెలియలేదు. వెనక్కి తగ్గమని కేకలు వినిపిస్తున్నాయి. ఒకదాన్ని ఒకరి దగ్గర, రెండోదాన్ని రెండో అతని దగ్గర పెట్టి మట్టి కప్పాడు.

సరిగ్గానే పెట్టి ఉండే అవకాశం సగానికి సగం ఉంది. ఆ సగాన్ని పట్టుకునే ఇన్నేళ్ళు బతికాడు. ఎవరికీ చెప్పలేదు.

ఎముకలకు ఎండ తగలకూడదని, పద్నాలుగో వరుసలో థియెప్ సమాధి మీద నాలుగు వెదుళ్ళకు టార్పాలిన్ కట్టారు. మియెన్ అగరొత్తులు వెలిగించి, "అన్నయ్యా, నేను మియెన్‌ని, ఇంటికి పోదాం" అని మట్టితో చెప్పింది. ఖోయ్ పార మోకాళ్ళ లోతు దాకానే వాడాడు. తర్వాత కింద కూర్చుని చేతులతో తవ్వాడు. జ్వరం పిల్ల నుదురు ముట్టుకున్నట్టు మట్టిని ముట్టుకుంటూ, పిడికెడు పిడికెడు తీసి పక్కన పోశాడు. మట్టి రంగు మారింది. నల్లగా, జిడ్డుగా.

ముందు సీసా దొరికింది.

మియెన్ దాన్ని లాక్కున్నంత పని చేసింది. చొక్కా అంచుతో తుడిచి, మైనం గోటితో గీకి, వెలుతురుకు పట్టుకుంది. గాజు లోపల కాగితం పసుపురంగు తిరిగింది గాని చెదరలేదు.

"వాడి రాతే! అన్నయ్య రాతే ఇది! పేరులో మొదటి అక్షరానికి ఆ తోక చూడండి, ఎప్పుడూ అలాగే లాగేవాడు. అన్నా, వాడే! అమ్మకి నేనేం చెప్పినా నమ్మదు, ఇది చూపిస్తా..." ఏడుపూ నవ్వూ ఒకటైపోయి మాటలు తెగిపోతున్నాయి. సీసాను చెంపకు ఆనించుకుని గుంట వైపు వీపు పెట్టి కూర్చుంది.

ఖోయ్ చెయ్యి అప్పటికే బురదలో ఒక పొడుగాటి ఎముకను పట్టుకుని ఉంది. మోకాలి కింది ఎముక. ఎడమది. బొటనవేలితో పై నుంచి కిందికి రాశాడు. కింది నుంచి పైకి రాశాడు. నున్నగా ఉంది. ఎక్కడా కణుపు లేదు.

ఆమె చూడటం లేదు. సీసా దొరికాక కాలు సంగతి ఆమెకు గుర్తే లేదు. ఎర్రగుడ్డ పక్కనే పరిచి ఉంది. ఈ ఎముకను అందులో అడుగున పెట్టి మీద మిగతావి పేరిస్తే సాయంత్రం బండికి వెళ్ళిపోతుంది. ముసలితల్లి కళ్ళు మూసుకుంటుంది. చెమట అతని కనుబొమల్లోంచి కళ్ళలోకి దిగింది. తుడుచుకోలేదు.

ఎల్లుండి కాక ఆవలెల్లుండి ఇంకొక తల్లి వస్తుంది.

"చెల్లెమ్మా," అన్నాడు. "ఇది తడిమి చూడు."

ఆమె వెనక్కి తిరిగింది. ఎముక అందుకుంది. ఒకసారి తడిమింది. రెండోది కూడా తీయమంది. అదీ నున్నగానే ఉంది.

"సీసా ఉందిగా. వాడి రాత ఉందిగా."

"సీసా మీ అన్నదే. మనిషి మీ అన్న కాదు. లూక్." గుంటలోనే కూర్చుని, తలెత్తకుండా, వాన సంగతి, మైనం సంగతి, బురదలో రెండు సీసాల సంగతి చెప్పాడు.

మియెన్ ఎముకను గుడ్డ మీద పెట్టింది. తర్వాత చేతికందిన మట్టిగడ్డ తీసి అతని రొమ్ము మీదికి విసిరింది. ఇంకొకటి విసిరింది. అతను పక్కకు జరగలేదు.

"ఇరవై నాలుగేళ్ళు అబద్ధానికి రంగులేశావా నువ్వు? మేం ఇంట్లో ఏటా దణ్ణం పెట్టింది ఎవరికి? ఇతనికి ఎవరూ లేరా?"

"తల్లి ఉంది. ఏటా వస్తుంది."

"వచ్చి ఎక్కడ ఏడుస్తుంది?"

ఖోయ్ చివరి వరుస వైపు చెయ్యి చూపించాడు. అక్కడ పేర్లు లేని రాళ్ళున్నాయి. "ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదమ్మా అని బతిమాలింది. ఒక రాయి చూపించాను."

"మరి మా అన్నయ్య?"

"పక్క గుంట. యుద్ధమయ్యాక వెతకడానికి వెళ్తే ఇతనొక్కడే దొరికాడు, సీసాతో సహా ఇక్కడికి తెచ్చాం. ఆ పక్క గట్టే లేదు. వరద కోసుకుపోయింది."

ఆమె నది ఉన్న దిక్కుకు చూసింది. ఇక్కణ్ణుంచి నది కనపడదు, వెదురుపొదలే కనపడతాయి.

"లే," అంది. "ఈ రాయి మీద పేరు చెరిపెయ్. నేనుండగానే."

ఖోయ్ ఉలి తెచ్చి అన్న పేరును ఒక్కో అక్షరం గీకేశాడు. రాతిపొడి గాలికి ఆమె మొహం మీద పడుతున్నా కదల్లేదు. ఆ తర్వాత, ఎవరూ చెప్పకుండానే, మియెన్ తను తెచ్చిన సుగంధపు నీళ్ళ సీసా విప్పింది. ఒక్కో ఎముకనీ కడిగింది, తుడిచింది, తల నుంచి పాదాల దాకా వరసగా ఎర్రగుడ్డలో పేర్చింది. తన పెట్టెలోనే పెట్టి మూతపెట్టింది.

"బట్టల్లేకుండా వదిలేసి పోతానా? వీళ్ళిద్దరూ ఒకే చొక్కా వాళ్ళంటివిగా." పెట్టె మూత సవరించింది. "వాళ్ళమ్మకి చెప్తావా?"

"చెప్తాను."

"చెప్పకపోతే నేనొచ్చి చెప్తా."

మధ్యాహ్నం, పెట్టెను అదే గుంటలో దించి మట్టి కప్పాక, గేటు బయట మోటార్‌సైకిల్ వాడు హారన్ కొట్టాడు. స్టేషన్‌కి వెళ్ళాలి. మియెన్ సీసాను రుమాల్లో మూటగట్టి జాకెట్‌లోపల దోపుకుంది. అరుగు మీద కూర్చుని చెప్పులేసుకుంటూ సంచిలో వెతికి రెండు రైలు టిక్కెట్లు తీసింది.

"పోయినవాళ్ళకీ సీటు కొనాలి కదా. వాడికి కిటికీ పక్కన తీసుకున్నా. చిన్నప్పుడు దానికోసమే కొట్టుకునేవాళ్ళం." ఒకటి మడిచి దాచుకుంది. రెండోది చేతిలో పట్టుకుని కాసేపు చూసింది. "సీసా నా గుప్పిట్లో పట్టేస్తుంది. సీటెందుకు?"

టిక్కెట్టును తన తేయాకు గ్లాసు కింద పెట్టి లేచింది. ఆమె అతనికి దణ్ణం పెట్టలేదు. తిట్టనూ లేదు. గేటు దగ్గర కామ్ పిన్ని అగరొత్తుల కట్ట ఒకటి ఆమె చేతిలో పెట్టింది, మోటార్‌సైకిల్ దుమ్ము లేపుకుంటూ తొమ్మిదో నంబరు రోడ్డెక్కింది.

ఖోయ్ తిరిగి పద్నాలుగో వరుసకు వెళ్ళి, రాయి ముందు గొంతుక్కూర్చుని, బ్రష్షు తుడిచి లూక్ పేరులో మొదటి అక్షరం మొదలుపెట్టాడు. అరుగు మీద, తాగని తేయాకు గ్లాసు కింద, నాలుగో బోగీ కిటికీ పక్క సీటు టిక్కెట్టు కొస వేడిగాలికి లేస్తూ, పడుతూ ఉంది.