నడుముకు కట్టిన తాడు

లోయ చూపిస్తానని అన్న బావను వెంటబెట్టుకొచ్చింది చంపడానికే. ఆ అడవి లోయలో అతను పద్దెనిమిదేళ్లుగా గార్డు. ఏ బండ జారుతుందో, ఏటి సుడి ఎక్కడ మనిషిని మింగుతుందో అతనికి కొట్టిన పిండి.

నిన్న చెల్లెలు మెడకు గుడ్డ చుట్టుకుని వచ్చింది. విప్పి చూస్తే వేళ్ల అచ్చులు కమిలిపోయి ఉన్నాయి. ఇంతకుముందు రెండుసార్లు పారిపోయి వస్తే, రెండుసార్లూ మొగుడు జుట్టు పట్టి ఈడ్చుకుపోయాడు. "ఈసారి చంపేస్తాడన్నయ్యా," అంది. పొద్దున్నే అతగాడు మళ్లీ దిగబడ్డాడు. ఆమెను ఇంట్లో వదలనంటే వదలనని లోయకూ లాక్కొచ్చాడు.

ఏటి మీదికి పొడుచుకొచ్చిన బండ చివర అన్న ఆగాడు.

"తొంగి చూడు బావా, ఇంత అందం ఇంకెక్కడా దొరకదు."

బావ తొంగి చూశాడు. అన్న అతని వీపు మీద ఒక్క తన్ను తన్నాడు.

తన్నాక గాని తన వెధవపని తెలిసిరాలేదు. ఆ బండ ఎక్కే ప్రతి మనిషి నడుముకూ తాడు కట్టి, రెండో కొస తన నడుముకు బిగించుకోవడం అక్కడి గార్డుల పద్ధతి. బుర్ర హత్య గురించి ఆలోచిస్తుంటే చేతులు రోజూ చేసే పని చేసేశాయి, దిక్కుమాలిన చేతులు!

తాడు గుంజింది. అన్న బోర్లా పడ్డాడు. గడ్డం పగిలింది. అంచుదాకా జారిపోయి, చెట్టు వేరొకటి రెండు చేతులా పట్టుకున్నాడు. నోటినిండా రక్తం. కింద బావ రాళ్లకు కొట్టుకుంటూనే తాడు పట్టుకుని పాక్కుంటూ వస్తున్నాడు.

"లాగవే! చూస్తావేంటే! పైకొచ్చానంటే ముందు వీణ్ణి, తర్వాత నిన్ను!"

చెల్లెలు పరుగెత్తుకొచ్చి అన్న మొలలోని కత్తి దూసింది.

"నువ్వొద్దమ్మా! నాకివ్వు, నేను కోస్తా."

"ఏ చేత్తో కోస్తావు? వేరు ఊడొచ్చేస్తోంది."

తాడు కోసింది. అప్పటికే బావ చెయ్యి అంచు దాటొచ్చి ఆమె కాలు పట్టుకుంది. ఆమె ఆ చేతిలో కత్తి దించింది. వేళ్లు వదలలేదు. మళ్లీ దించింది. మూడోసారికి వదిలాయి. కేక ఏట్లో కలిసిపోయింది.

పాపం తన నెత్తిన వేసుకుందామనే కదా అన్న బావను ఇంత దూరం తెచ్చింది! అది కాస్తా చెల్లెలి చేతికి అంటించాడు. వెక్కివెక్కి ఏడ్చాడు.

"కత్తి ఇలా ఇవ్వమ్మా. నేనే చంపానని చెబుతా."

"నువ్వు తోశావంతే. చంపింది నేను," అంది చెల్లెలు. కత్తి ఇవ్వలేదు.