పుట్టీ పట్టని చోటు

మేస్త్రీ సుత్తితో మెల్లగానే కొట్టాడు. ఖణేలుమని మోగాల్సిన ఇనుము తడిసిన అట్టపెట్టెలా చప్పగా పలికింది. మరో దెబ్బకి సుత్తి మొన లోపలికి దిగబడిపోయింది. ఎర్రటి తుప్పు పొరలు పొరలుగా అతని ముఖం మీద రాలింది.

కళ్ళు నలుపుకుంటూ కారు కింది నుంచి బయటికి జరిగాడు. మిట్టమధ్యాహ్నం. షెడ్డు పైకప్పు రేకులు పెనంలా కాలుతున్నాయి.

"ఓనరుగారూ, ఒకసారి ఇటొచ్చి చూడండి. ఎడమపక్క ఛాసిస్ రైలు పోయింది. చక్రం దగ్గర్నుంచి తలుపు కిందిదాకా అంతా డొల్ల."

ఛాసిస్ రైలంటే కారు బరువంతా మోసే ఇనుప దూలం. ఇంజనుకైనా, చక్రాలకైనా, లోపల కూర్చునే మనుషులకైనా అదే ఆధారం. షెడ్డు ఓనరు మాత్రం వంగి చూడలేదు.

"రేకు ముక్క అతికించు. సందుల్లో పుట్టీ, దాని మీద నల్లరంగు. రేపు పొద్దున్నే బండి పోవాలి."

"రేకు ఆగదండీ. కుళ్ళిందంతా కోసేసి మందం ప్లేటు వెయ్యాలి. ఇంజను దించాలి. వారం పనుంది."

"మేస్త్రీ, నువ్వు పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసేవాడివి. కాపురం సంగతి నీకెందుకయ్యా?"

తన మాటకి తనే నవ్వుకుని ఓనరు ఫోనెత్తాడు.

అవతలి పక్క తలుపు మీద ఎమరీ కాగితం రుద్దుతున్న మేస్త్రీ భార్య ఇదంతా వింది. సొట్టల్లో పుట్టీ నింపి, అద్దంలా రుద్ది రంగుకి సిద్ధం చెయ్యడం ఆమె పని. అందుకే వీధిలో అందరికీ ఆమె పుట్టీ అక్క. రంగు కొట్టేవాడికిచ్చే కూలిలో సగమే ఆమెకిచ్చేవాడు ఓనరు. అడిగితే, "షెడ్డు వెనక గదిచ్చాను కదా, అది కూలి కాదా?" అనేవాడు. ఆ గదిలోనే వాళ్ళ కాపురం, కూతురి చదువు, వర్షమొస్తే మంచం అటూ ఇటూ జరుపుకోవడం.

మేస్త్రీ రేకు ముక్క పెట్టి వెల్డింగు రాడ్డు అంటించాడు. అంచు కాగితంలా కాలిపోయింది. కాస్త పక్కకి జరిపాడు. అక్కడా బొక్కే పడింది. రాడ్డు విసిరేశాడు, మళ్ళీ తీసుకున్నాడు. నీళ్ళు తాగడానికి లేచి, తాగకుండానే వెనక్కి వచ్చాడు. చివరికి నాలుగు మూలలా ఎలాగో చుక్కలు పెట్టి రేకుని నిలబెట్టాడు.

అంతలో కారు కొంటున్న డ్రైవరు భార్యతో సహా వచ్చాడు. ఇన్నేళ్ళూ పరాయివాళ్ళ బళ్ళు తోలిన మనిషి. కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళని షిఫ్టు అయ్యాక ఇళ్ళకి చేర్చే బేరం కుదుర్చుకుని, సొంతానికి ఓనరు అమ్మకానికి పెట్టిన ఈ పాత కారు చూసుకున్నాడు. అతని భార్య చంకలో తను కుట్టిన సీటు కవర్లున్నాయి. వాటిని పరిచి, వెనక సీట్లో కూర్చుని, చిన్నపిల్లలా రెండుసార్లు ఎగిరి చూసింది.

"అమ్మాయ్, బండి గట్టిదేనా? మా ఆయనకి పైన మెరుపు కనిపిస్తే చాలు, ఇంకేమీ పట్టదు. నువ్వు చెప్పు," అంది పుట్టీ అక్కతో.

"ఏనుగమ్మా, ఏనుగు! మీ మనవలు కూడా ఇందులోనే తిరుగుతారు," అన్నాడు ఓనరు.

పుట్టీ అక్క మొగుడి వంక చూసింది. అతను చిక్కు పడని వైరుకి చిక్కు తీస్తున్నాడు.

"తలుపు మీద పుట్టీ ఇంకా ఆరలేదక్కా, చెయ్యి తగలనీకండి," అంది ఆమె. అడిగిందానికి అది జవాబు కాదని ఆమెకి తెలుసు. ఎదురుగా ఉన్న టీ కొట్టుకి నవ్వుతూ నడిచిన ఆ ఇద్దర్నీ చూస్తూ ఎమరీ కాగితం కింద పెట్టేసింది.

ఓనరు పుట్టీ డబ్బాని కాలితో ఆమె వైపు తోశాడు. "మీ ఆయన రేకు వేశాడు. సందులు నింపు."

"తలుపులకి పూస్తానండీ. దానికి పూయను."

"ఏంటీ?"

"నా చేత్తో దాన్ని కప్పను."

ఓనరు ఆమెతో మాట్లాడడం చిన్నతనమన్నట్టు మేస్త్రీ వైపు తిరిగాడు. "నీ పెళ్ళానికి నువ్వు చెప్పుకుంటావా, గది ఖాళీ చేస్తావా?"

మేస్త్రీ భార్య మీద విరుచుకుపడ్డాడు. "నీకెందుకే ఇవన్నీ? సామాన్లు నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోదాం? పిల్ల బడి నుంచి వచ్చేసరికి తలుపుకి తాళం కనిపిస్తే ఏం చెప్తావు?"

"ఏం చెప్పాలో నాకూ తెలీదయ్యా. ఇందాక ఆవిడకేం చెప్పాలో కూడా తెలీలేదు."

అతను డబ్బా లాక్కుని కారు కింద దూరాడు. పిడికెడు పుట్టీ సందులో కూరాడు. అది లోపలికి జారిపోయింది. ఇంకో పిడికెడు పెట్టాడు. అదీ పోయింది. ఎంత కూరినా ఆ డొల్ల మింగేస్తూనే ఉంది. అదిమిన కొద్దీ తుప్పు విరిగి సందు పెద్దదైంది. చివరికి చెయ్యి మణికట్టుదాకా లోపలికి వెళ్ళింది. చెయ్యి అలాగే ఉంచి కాసేపు కదలకుండా పడుకున్నాడు. ఇలా ఎన్ని బళ్ళని కప్పి పంపాడో! అవి ఏ రోడ్ల మీద, ఎవర్ని ఎక్కించుకుని తిరుగుతున్నాయో!

బయటికి వచ్చి ఎవరి ముఖమూ చూడకుండా, ఇనుముని అరగదీసే గ్రైండరు అందుకుని మళ్ళీ కారు కింద దూరాడు. నునుపు చేస్తాడనుకున్నాడు ఓనరు. నిప్పురవ్వలు చిమ్మాయి. ఇందాకటి రేకు ముక్క ఊడి నేల మీద పడింది. గ్రైండరు మాత్రం ఆగలేదు. రైలు మీదికి పోయింది.

"ఏం చేస్తున్నావురా?"

"కోస్తున్నానండీ."

"ఎవడు కొయ్యమన్నాడు?"

"ఎవరూ అనలేదు."

ఓనరు పరుగున వెళ్ళి మెయిన్ స్విచ్ కట్టేశాడు. ఫ్యాను ఆగింది. గ్రైండరు మూలుగుతూ నిలిచిపోయింది. "రేపట్నుంచి పనిలోకి రావద్దు. గది కూడా ఇప్పుడే ఖాళీ చెయ్యాలి, ఇద్దరూ!" అతని అరుపు రేకులకి కొట్టుకుని మోగింది.

మేస్త్రీ గ్రైండరు పక్కన పెట్టాడు. పనిముట్ల పెట్టెలోంచి ఇనుము కోసే రంపం, హ్యాక్సా తీశాడు. సగం తెగిన రైలు మీద బ్లేడు ఆనించాడు. అది జారింది. మళ్ళీ ఆనించాడు. అప్పుడు పుట్టీ అక్క కొంగు నడుముకి దోపుకుని, కారు కింద అతని పక్కన చేరి, తెగుతున్న ముక్కని రెండు చేతులా పట్టుకుంది.

"కదలకుండా పట్టుకో."

"పట్టుకున్నాలే. నువ్వు కానియ్యి."

కరకరమని కోత మొదలైంది. టీ కొట్టు దగ్గర డ్రైవరు గ్లాసు పక్కన పెట్టి, షెడ్డు వైపు తిరిగి, రోడ్డు దాటడానికి అడుగు ముందుకేశాడు.